పారబోసిన ఆర్థో

ముందే చెప్పేస్తాను, తప్పు నాది. చివరిదాకా దాచిపెట్టి అప్పుడు బయటపెట్టే ఓపిక నాకు లేదు. ఇన్నేళ్లు దాచిందే చాలు.

కంచన్‌బాగ్‌లో పెద్ద పెద్ద ప్రహరీగోడలన్నీ దాటాక ఒక సందులో రెండంతస్తుల భవనం ఉండేది. కింద గోదాము, పైన మా ల్యాబు. మందుల కంపెనీలు అడిగిన పదార్థాలను కొద్ది కొద్ది గ్రాములు తయారుచేసి ఇవ్వడం మా పని. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ పూర్తిచేసి నేను చేరిన మొదటి ఉద్యోగం అది. మా నాన్న కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన గుమాస్తా. మాదన్నపేటలో అద్దె ఇల్లు. బీఈడీ చేసి హాయిగా టీచరుగా చేరక ఆసిడ్ల మధ్య ఆడపిల్లకేం పని అని ఇంట్లో రోజూ ఒకటే పోరు. నేను వింటేగా! మొండిగా వెళ్లి చేరాను. మూడు నెలలు ప్రొబేషన్. ఆ మూడు నెలల్లో ఏదైనా తేడా వస్తే ఇంటికి పంపేస్తారు, ఇంటికి పోతే బీఈడీయే గతి.

ఆ ల్యాబులో గాజుసామాను కడిగే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరం కాకా అనేవాళ్లం. ఆయనదీ మాదన్నపేటే, కూరగాయల మార్కెట్ వెనక గల్లీ. మా ఐస్ యంత్రం నెలలో సగం రోజులు పడకేసేది. అప్పుడు కాకాయే మార్కెట్ దగ్గర ఐస్ దిమ్మ కొని, గోనెసంచిలో చుట్టి, సైకిల్ వెనక కట్టుకుని తెచ్చేవాడు. మెట్ల మీద సంచి పడేసి చెక్కసుత్తితో ధన్ ధన్ మని కొడుతూ ఉంటే కింద గోదాములో వాళ్లు అరిచేవాళ్లు. నా మాటతీరు చూసి ఆయనకు మహా సరదా. "ఏమండీ బిడ్డా, ఐస్ తెచ్చిననండీ, తీస్కోండీ" అని వెక్కిరించేవాడు. నేను మూతి ముడుచుకుంటే, "నారాజ్ గాకు బిడ్డా, నీ మాట మస్తు మంచిగుంటది. తీపిగుంటది" అనేవాడు.

కాకా చదువుకోలేదు. సీసాల మీద మేము రాసే అక్షరాల్లో ఒక్క ముక్క ఆయనకు తెలియదు. కానీ ఆ అక్షరాలకు ఆయన ఇచ్చినంత మర్యాద మేమెవరమూ ఇవ్వలేదు. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, ప్రతి ఫ్లాస్కు మీదా మార్కర్ పెన్నుతో చేసినవాళ్ల పొడి అక్షరాలూ ప్రయోగం నంబరూ రాయాలి. అందులోది ఇక అక్కర్లేదు అనుకున్నాక, రాసినవాళ్లే దూదిని అసిటోన్‌లో ముంచి ఆ రాతను తుడిచేసి, సింకు పక్కనున్న ట్రేలో పెట్టాలి. అప్పుడు గానీ కాకా దాన్ని ముట్టుకోడు.

"రాత ఉంటె అది మీది. రాత లేకుంటె అది నాది. ఖతం" అనేవాడు. "ముప్పై ఏండ్ల సంది సీసలు కడుగుతున్న బిడ్డా. నాలుగు ల్యాబులు మారిన. రాతున్న సీస ఒక్కటంటె ఒక్కటి కడిగిన్నా, అడుగు ఎవరినన్న."

అది వట్టి గొప్ప కాదు. ఒకసారి ఎవరో తుడిచీ తుడవకుండా ట్రేలో పెట్టేశారు. ఒక్క అక్షరం సగం మిగిలింది. కాకా ఆ ఫ్లాస్కును చంటిబిడ్డలా పట్టుకుని, భోజనానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా గంటసేపు అలాగే నిలబడ్డాడు. నేను నవ్వాను కూడా. ఆ తర్వాతి కాలంలో నన్ను బాగా ఏడిపించింది ఆ నవ్వే.

చేరిన రెండు నెలలకు నాకు ఒక నైట్రేషన్ పని ఇచ్చారు. అదేమిటో కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు.

బెంజీన్ వలయానికి ఆరు మూలలు. ప్రతి మూలలో ఒక హైడ్రోజన్. కొత్తది వచ్చి కూర్చోవాలంటే ఒక హైడ్రోజన్ లేచి వెళ్లిపోవాలి. ఆ హైడ్రోజన్లను మేము బొమ్మలో గీయం కూడా. వలయం మీద ముందే ఏదైనా కూర్చుని ఉంటే, కొత్తగా వచ్చేది ఎక్కడ కూర్చోవాలో చాలావరకు అదే నిర్ణయిస్తుంది. పంక్తిలో ముందొచ్చిన పెద్దమనిషి "నువ్విక్కడ కూర్చో, నువ్వు ఎదురుగా వెళ్లు" అన్నట్టన్నమాట. నా వలయం మీద మెథాక్సీ అనే గుంపు ముందే కూర్చుని ఉంది. అది కొత్తగా వచ్చే నైట్రోను తన పక్కకైనా పంపుతుంది, తనకు సరిగ్గా ఎదురుగానైనా పంపుతుంది. పక్క చోటు ఆర్థో, ఎదురు చోటు పారా. రెండూ తయారవుతాయి. నా పదార్థంలో పారా ఎక్కువ, ఆర్థో తక్కువ. పారా పసుపుపచ్చని సూదుల్లా స్ఫటికాలు కడుతుంది. ఆర్థో మాత్రం గడ్డకట్టకుండా, స్ఫటికాలు వడగట్టాక మిగిలే ద్రవంలో ఉండిపోతుంది. ఆ ద్రవాన్ని మేము మదర్ లిక్కర్ అంటాం.

మా ల్యాబు నడిపే సార్ ఇచ్చిన కాగితం మీద అడుగున ఒక వాక్యం ఉంది, ఆర్థోను కూడా వేరుచేయాలని. మందులో ఆర్థో మలినంగా ఎంత కలిసిందో కొలవాలంటే ముందు ఆ మలినమే శుద్ధంగా నమూనాకు కావాలి. కంపెనీవాళ్లు అసలు అడిగిందే దాని కోసం. ఆ వాక్యం నేను చదివాను. చదివి వదిలేశాను. ఏం చెప్పమంటారు! డిగ్రీ నుంచీ పరీక్షల్లో ప్రధాన ఉత్పన్నం రాయండి అంటే పారా గీసి చుట్టూ గుండ్రం చుట్టి మార్కులు తెచ్చుకున్న బుర్ర ఇది. ఆర్థో అంటే నా లెక్కలో మార్కులు రానిది.

ఏడు అంచెల్లో రెండు నెలల పాటు సార్, మరో కెమిస్టు కలిసి చేసుకొచ్చిన నాలుగు గ్రాములు నా చేతికిచ్చారు. పొగలు లాగేసే హుడ్ అనే గాజు అరలో, కాకా తెచ్చిన ఐస్‌లో ఫ్లాస్కు కూర్చోబెట్టి, ఉప్పు చల్లి, థర్మామీటరు మీంచి కళ్లు తిప్పకుండా ఆమ్లం చుక్క చుక్కగా వేశాను. చివరికి అదంతా పగలగొట్టిన ఐస్ మీద పోస్తే పసుపుపచ్చగా విరిగి తేలింది. వేడి ఆల్కహాల్‌లో కరిగించి వదిలేస్తే సాయంత్రానికి సూదులు. అంత అందమైన స్ఫటికాలు నా చేత్తో కట్టడం అదే మొదటిసారి. ఆ సంబరంలో వాటిని వడగట్టి, కింద మిగిలిన నారింజరంగు ద్రవాన్ని వ్యర్థాల డబ్బాలో పోసేశాను. అసిటోన్ దూదితో నా పేరు శుభ్రంగా తుడిచాను. ఫ్లాస్కు ట్రేలో పెట్టి, బస్సుకు టైమవుతోందని పరుగెత్తాను.

మర్నాడు పొద్దున సార్ ఆ సూదులు చూసి "భలే వచ్చాయమ్మా!" అన్నారు. నేను ఇంకా ఉబ్బుతుండగానే, "మదర్ లిక్కర్ ఏది? ఆర్థో ఇవాళే తీసేద్దాం" అన్నారు.

కాగితం అడుగున ఉన్న వాక్యం అప్పుడు కళ్ల ముందుకొచ్చింది. నా ఫ్లాస్కు తళతళలాడుతూ గోడకున్న మేకుకు బోర్లా వేలాడుతోంది. ప్రొబేషన్ గుర్తొచ్చింది, మా నాన్న మొహం గుర్తొచ్చింది.

"హుడ్‌లోనే పెట్టాను సార్" అన్నాను. "పేరు రాసే పెట్టాను."

ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. అలాగని దానికదే వచ్చిందని చెప్పి తప్పించుకోను. అన్నది నేనే.

సార్ కాకాను పిలిచారు. కాకా తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు.

"కాకా, నిన్న హుడ్‌లోంచి ఫ్లాస్కు తీసి కడిగారా?"

"లే సార్. ట్రేల ఉన్నయే కడిగిన. రాతున్నది నేను ముట్ట."

"ఈ అమ్మాయి పేరు రాసి పెట్టిందట."

కాకా నా వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు, అనుమానమూ లేదు. తెలుసుకుందామని అడిగాడంతే. "రాసినవా బిడ్డా?"

"రాశాను కాకా."

ఆయన మేకుకున్న ఫ్లాస్కు వైపు ఒకసారి చూశాడు, తన చేతుల వైపు ఒకసారి చూసుకున్నాడు. "గట్లయితే నేనే కడిగినట్టున్న సార్" అన్నాడు మెల్లగా. "గా బిడ్డ అబద్ధం ఎందుకు చెప్తది? నా కండ్లే సక్కగ లేవేమొ."

సార్ కేకలేయలేదు. కేకలేసినా బాగుండేది. "వయసైపోయింది కాకా మీకు. కళ్లు చూపించుకోండి" అని వెళ్లిపోయారు. కాకా మళ్లీ సింకు దగ్గరికి పోయాడు.

మార్కర్ రాత సబ్బునీళ్లకు పోదు. అసిటోన్ కావాలి. అసిటోన్ ఉండేది మా అలమరలో, కాకా చేతికి ఇచ్చేవాళ్లం కాదు. రాసి ఉన్న ఫ్లాస్కును కాకా కడిగే ఉంటే రాత దాని మీద అలాగే ఉండాలి. సార్‌కు తెలుసు, నాకు తెలుసు, ఆ గదిలో ఉన్న ప్రతి కెమిస్టుకూ తెలుసు. అంత చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ ఆ పూట అది తోచలేదు. నాకు మధ్యాహ్నం అన్నం తింటుంటే తోచింది. అప్పుడైనా లేచి వెళ్లి చెప్పొచ్చు కదా! తలొంచుకుని పెరుగన్నం తిన్నాను. ఛీ, ఆ ముద్ద ఎలా మింగానో.

ఆ మర్నాటి నుంచి కాకా అడగడం మొదలుపెట్టాడు.

ట్రేలో ఉన్న ఒక్కో ఫ్లాస్కునూ తీసి, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరు దగ్గరుంటే వాళ్లకు చూపించేవాడు. "బిడ్డా, దీని మీద రాతున్నదా? కడగనా?" మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత విసుక్కున్నారు. రోజుకు అరవై, డెబ్బై ఫ్లాస్కులు, ప్రతిదానికీ అదే మాట. ఒకరోజు ఏదో పని చెడిపోయిన చిరాకులో ఉన్నాను. "ఖాళీగానే ఉంది కదా కాకా, కనపడట్లేదా!" అని కసిరాను. నేను! వేరే ఎవరైనా అయితే ఇంత గుచ్చుకునేది కాదేమో.

"కనవడుతున్నది బిడ్డా" అన్నాడాయన. "గానీ నా మీద నాకే నమ్మకం లేదు."

కళ్లద్దాలు చేయించుకున్నాడు. అవి పెట్టుకుని కూడా అడగడం మానలేదు. నాలుగు నెలల తర్వాత తనే సార్ దగ్గరికి వెళ్లి, గాజు పని తనతో కాదని చెప్పి, కింద గోదాము గేటు దగ్గర కూర్చోవడానికి ఒప్పించుకున్నాడు. మెట్లెక్కుతుంటే "బాగున్నవా బిడ్డా" అని పలకరించేవాడు. ఆ ఏడాది తిరగకుండానే ఆ గేటు పనీ మానేశాడు. ఈలోగా నేను పర్మనెంట్ అయ్యాను. ఆ ఆర్థో మేము మళ్లీ మొదటి నుంచి చేసేసరికి కంపెనీవాళ్లు ఇంకెవరి దగ్గరో చేయించుకున్నారు. దాని గురించి ఇప్పుడు ఎవరికీ గుర్తు కూడా లేదు.

మొదటి రోజు చెప్పలేకపోయాను కాబట్టి రెండో రోజు చెప్పడం ఇంకా కష్టమైంది. వారం తర్వాత అయితే వారమంతా ఎందుకు దాచావని అడుగుతారు, ఏడాది తర్వాత అయితే ఇక చెప్పాలా! ఆ ఒక్క అబద్ధం ముందుగా వచ్చి కూర్చుంది, తర్వాత నేను చేసిందంతా అది చూపించిన చోటే కూర్చుంది. మాదన్నపేట మార్కెట్‌కు వెళ్లడం మానేశాను, అక్కడ కాకా ఎదురుపడతాడని. రెండు వీధులు చుట్టు తిరిగి ఆఫీసు నుంచి ఇంటికి చేరేదాన్ని. "ఇంటి పక్కన మార్కెట్ పెట్టుకుని సైదాబాద్ నుంచి బీరకాయలు మోసుకొస్తావేమే, పిచ్చి పట్టిందా?" అని మా అమ్మ తిట్టేది. ఆరేళ్లు అలా గడిచిపోయాయి.

కిందటేడు చలికాలంలో ఒక ఆదివారం మా అమ్మ మార్కెట్ నుంచి వచ్చి, ఆకుకూర వలుస్తూ మాట వరసకు చెప్పింది. కొత్తిమీర దగ్గర ఒకావిడ కలిసిందట. మాటల్లో మాట, ఆవిడ భర్త ఒకప్పుడు మా ల్యాబులో చేశాడట. "పాపం, ముసలాయనకు ఏదో చాదస్తం పట్టుకుందట. ఇంట్లో చెంబు కడగాలన్నా, కంచం కడగాలన్నా, కడగనా అని అడుగుతాడట. ఆవిడ ఊ అనేదాకా పట్టుకుని నిలబడతాడట. ఎందుకలా అయ్యాడో ఎవరికీ తెలియదట" అంది.

నాకు తెలుసు. ఈ లోకంలో నా ఒక్కదానికే తెలుసు. వంటింట్లోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని, పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని బయల్దేరాను.

మార్కెట్ వెనక గల్లీలో అడిగితే ఇల్లు చూపించారు. ముందు చిన్న వాకిలి, వాకిట్లో నల్లా. కాకా గడప దగ్గర ఎండకు కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. అద్దాల్లోంచి చూసి, ఒక్క క్షణం ఆగి, మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"ఏమండీ బిడ్డా! ఎన్ని దినాలకండీ!" అని, లోపలికి కేకేశాడు. "ఏయ్, చాయ్ పెట్టు. మా ల్యాబు బిడ్డ వచ్చింది."

చాయ్ వచ్చేదాకా ఆగితే ధైర్యం చాలదని భయమేసింది. ఆయన ఎదురుగా అరుగు మీద కూర్చుని చెప్పేశాను. ఏదీ మిగల్చలేదు. కాగితం అడుగున వాక్యం, వ్యర్థాల డబ్బా, అసిటోన్ దూది, బస్సు, ప్రొబేషన్, అన్నీ. "నువ్వు రాతున్న సీసా కడగలేదు కాకా. నేనే పారబోశాను. నేనే తుడిచాను. నువ్వు కడిగింది రాత లేనిదే. అబద్ధం చెప్పింది నేను" అన్నాను.

కాకా కదలకుండా విన్నాడు. విని, అద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నాడు. "నువ్వు ఎందుకొచ్చినవో నాకెర్కనే బిడ్డా."

తెలుసా? ఇన్నేళ్లూ తెలుసా?

"మా ఆమె మార్కెట్ల మీ అమ్మకు చెప్పింది గద, నేను గిట్ల అడుగుతనని. గది విని పరేశానై ఉరికొచ్చినవు. ముసలోని బాధ సూడలేక నీ మీద ఏసుకుంటున్నవు. మస్తు మంచి మనసు బిడ్డా నీది. నీ అసొంటోళ్లు ఎవరుంటరు ఈ దినాల్ల?"

"కాదు కాకా! ఒట్టు, నేనే..."

"జర ఇను బిడ్డా. నాకు యాదికున్నది. హుడ్‌లకెళ్లి నేనే తీసిన. సీస మీద నల్లగ రాతుండె. బ్రష్షు పెట్టి రుద్దిన. గిప్పటికి నా కండ్ల ముంగట కనవడతది" అని ఆయన తన కుడిచేతిని గాలిలో తిప్పి చూపించాడు, సీసా లోపల బ్రష్షు తిప్పుతున్నట్టు.

"నీళ్లకు ఆ రాత పోదు కాకా! అసిటోన్ కావాలి. అసిటోన్ నీకు ఎక్కడిది?" దాదాపు అరిచాను. ఆరేళ్లుగా కడుపులో పెట్టుకున్న రుజువు అది. దానికి తిరుగులేదనుకున్నాను.

కాకా నవ్వాడు. "నేను గట్టిగ రుద్దుత బిడ్డా" అన్నాడు.

జరగని పని ఆయనకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. దాన్ని ఆయన బుర్రలో పెట్టింది నేను, తీయడం మాత్రం నా చేతకాలేదు. పైగా నాకే మంచిదాన్నని పేరు. ఆయన లేచి వచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఫికర్ చెయ్యకు. అయిపోయిందేదో అయిపోయింది. సల్లగుండు" అని దీవించాడు. ఆ చెయ్యి కింద కూర్చోవడం కంటే చెంపదెబ్బ తినడం నయం.

కాకా భార్య చాయ్ తెచ్చింది. గాజు గ్లాసులో. తాగాను. గ్లాసు పక్కన పెట్టబోతుంటే కాకా చెయ్యి చాపి తీసుకున్నాడు. వద్దంటున్నా వినకుండా నల్లా దగ్గరికి నడిచాడు. అక్కడ ఆగిపోయి, గ్లాసును ఎండకు ఎత్తిపట్టి, ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. అడుగున రెండు చాయ్ చుక్కలు తప్ప ఏమీ లేదు. అయినా నా వైపు తిరిగాడు.

"బిడ్డా, అయిపోయిందా? కడగనా?"

"కడుగు కాకా" అన్నాను.